‘రెండో నీరు’ విన్నవాళ్ళ మాటలు

వైశాఖ శుద్ధ పాడ్యమి

పొద్దున్న కుళాయి ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి గాలి తిరిగి కడవ నిండా బూడిద పడింది. గుడ్డ కట్టి వడపోసి, ఆ గుడ్డ పిండిన నీళ్ళు కూడా గిన్నెలు తోమడానికి ఉంచి, కచేరీకి పరుగెత్తాను. మా కచేరీ పెద్ద భానోజీ గారు గడియారం వైపు చూశారు. నేను ఆయన వైపు చూడలేదు.

కొత్త నెల పుస్తకం మొదలుపెట్టినప్పుడల్లా పేరు, పని రాయాలి. రాజరత్నం. వినికిడి కచేరీ, మూడో బల్ల. జనం మాటలు ఏరే పని. ఇదివరకు ఈ పని యంత్రం చేసేది. ఎవరో “ఆహా, ఏం పాడాడండీ, మెట్ట మీద కాకులన్నీ వలస పోయాయి” అంటే దాన్ని మెచ్చుకోలు కింద రాసుకుంది. మనవాళ్ళ వెటకారం దానికి ఎక్కదని తేలాక దాన్ని మూలన పెట్టి నన్ను కూర్చోబెట్టారు.

ఈ నెల అర్జీ పేరు ‘రెండో నీరు’. తొమ్మిది పాటలు, హిప్ హాప్. పెట్టుకున్నది కొలిమిపేట పోలమ్మ. పాటల్లో పేరు పోలి. మా ఊరు బూడిదమెట్ట మీద ఎవరికి ఏ కష్టం వచ్చినా పాటగానే చెప్పుకోవాలి. కాగితం ఇస్తే చదివేవాడు లేడు, ఉపన్యాసం ఇస్తే వినేవాడు లేడు, పాటయితే కనీసం వింటారని పెద్దలు పెట్టిన పద్ధతి. పాడుబడ్డ పొగగొట్టం మీద హారన్లు కట్టి ఉన్నాయి. నెల పొడుగునా ఆ పాటలు అందులోంచి వస్తాయి. విన్నవాళ్ళు చెవి వెనక అతికించుకున్న మైకు గింజ నొక్కి తోచిన మాట చెబుతారు. ఆ మాటలన్నీ నా గింజలో వినపడి, ఒక్కోటీ ఒక్కో చీటీగా నా బల్ల మీదికి వస్తాయి.

నా దగ్గర రెండు బుట్టలు. అర్జీలో ఏం అడిగారో ఆ మాట ఎత్తితే సంగతి బుట్ట. పాట ఎలా ఉందో చెబితే సొగసు బుట్ట. అవునన్నారా కాదన్నారా అన్నది నాకు అనవసరం. అమావాస్య నాటికి సంగతి బరువెక్కితే సభ ఆ అర్జీ విని తీరాలి. సొగసు బరువెక్కితే అర్జీ ముగిసినట్టు, ఆ పేట మళ్ళీ ఆ కోరిక కోరడానికి వీల్లేదు.

పోలి అడిగింది ఒక్కటే. తీపి యంత్రం సముద్రాన్ని మంచినీళ్ళు చేస్తుంది. ఆ మొదటి నీరు పైపేటకీ, మా నడిపేటకీ వస్తుంది. మేం తాగి, తోమి, కడిగి వదిలింది కొంచెం మడ్డి తీసి కొలిమిపేటకి పంపుతారు. వాళ్ళు దాన్నే తాగాలి. మాకూ మొదటి నీరు ఇవ్వండి అని ఆమె అర్జీ.

మధ్యాహ్నం హారన్‌లో మొదటి పాట వచ్చింది.

“పైపేట తాగింది, నడిపేట తోమింది,
పళ్ళెం కడిగింది, పాదం కడిగింది,
మిగిలింది మా కడవకొచ్చింది.
కడవడిగింది: నాను కడవనా, కాలవనా?”

రోజూ నేను పారబోసే కుడితి ఎటు పోతోందో ఇంతకాలం ఆలోచించలేదు. ఈ పాటకి సొగసు బుట్ట ఖాళీగా ఉండిపోతుందనుకున్నాను. నా తెలివి అలా ఏడ్చింది.

శుద్ధ పంచమి

మాటలు వరదలా వస్తున్నాయి. ఇంత జనం ఏ అర్జీకీ నోరు విప్పలేదు. కొన్ని రాస్తాను, పుస్తకం కూడా చూడాలి కదా ఈ రోత.

“బీట్ అదిరింది. బేస్‌కి మా ఇంట్లో అటక మీది సామాను కింద పడింది.”

“ఈ పిల్ల ఎవరి తాలూకు? ఇంటిపేరు చెప్పలేదేం?”

“మా జగ్గు గన్ అన్న ఫ్లో ముందు ఇది జుజుబీ. అన్న ఫ్యాన్స్ ఇక్కడ నొక్కండి.” ఎక్కడ నొక్కాలి నాయనా, నీ పీకా?

“ప్రాస కుదిరింది గానీ నాలుగో పాటలో తాళం అర మాత్ర జారింది. గమనించగలరు.”

“రాజకీయం కాస్త తగ్గించి మధ్యలో ఒక ప్రేమ పాట పెట్టి ఉంటే ఫ్యామిలీతో వినడానికి బాగుండేది.”

“లిరిక్స్ నేను పట్టించుకోను. వాకింగ్‌కి సూపర్.”

“ఆ గొంతులో గరగర ఉంది చూడండి! పచ్చి మామిడికాయ మీద ఉప్పూ కారం జల్లినట్టు. దాని కోసమే పదిసార్లు విన్నాను.”

ఈ గరగర మాట అందరి నోటా ఉంది. పైపేట ఆడవాళ్ళయితే ఆ గరగర తెచ్చుకోవడానికి ఏం తినాలని ఒకరినొకరు అడుగుతున్నారు.

సాయంత్రానికి ఒక్క మాట సంగతి బుట్టలో పడింది. “నీళ్ళ గురించట కదా పాట? నాకెందుకులే.” నీళ్ళు అన్నాడు కాబట్టి రూలు ప్రకారం సంగతే. వేశాక చేతులు కడుక్కోవాలనిపించింది. కడిగితే ఆ నీళ్ళు కూడా కొలిమిపేటకే పోతాయని గుర్తొచ్చి చీరకి తుడుచుకున్నాను.

శుద్ధ దశమి

తీపి యంత్రం నడిపే అధికారుల క్లబ్బులో నిన్న పార్టీ అయిందట. అందరూ లేచి “కడవనా, కాలవనా” అని గంతులేశారట. ఎవరి మీద ఆ పాట కట్టిందో వాళ్ళే! వాళ్ళ మాటలు కూడా పొద్దున్న వచ్చాయి. “మాస్ నంబర్. మన డిపార్ట్‌మెంట్‌కి కూడా గుర్తింపు వచ్చింది.” ఒక ఇంజనీరు ఆ పాటని తన యంత్రం సైరన్‌గా పెట్టించాడు. ఇప్పుడు కొలిమిపేటకి మడ్డినీళ్ళు వదిలే ముందు రోజూ పోలి గొంతే మోగుతుంది.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. వాడు నయం. నిప్పు తీసుకుని పోయాడు, మంట బాగుందని చప్పట్లు కొట్టలేదు.

భానోజీ గారితో అన్నాను, “సార్, వీళ్ళెవరూ అసలు వినట్లేదు.”

“అదేంటమ్మా రత్నం, ఇంతమంది వింటుంటే? మన కచేరీ పెట్టినప్పటి నుంచీ ఇంత ఆదరణ లేదు” అన్నారాయన. ఆదరణ అనే మాట ఆయన నోట్లో బెల్లం ముక్కలా తిరిగింది.

పున్నమి

అర్జీదారులు పున్నమి నాడు వచ్చి తమ అర్జీ ఎలా నడుస్తోందో అడగొచ్చు. పోలి వచ్చింది. పాటల్లో ఊరిని ఉతికి ఆరేసే మనిషి, ఎదురుగా చూస్తే నా భుజం దాకా లేదు. వెంట వాళ్ళ మేనమామ అసిరయ్య వచ్చాడు. పేట పెద్ద, తెల్లటి మీసం, నవ్వు ముఖం.

“ఏటంతన్నారండి జనం?” అంది పోలి.

బుట్టలు చూపించాను. సొగసు పొర్లిపోతోంది. సంగతి అడుగు కనిపిస్తోంది. ఆమె వంగి సంగతి బుట్టలోకి చూసింది.

“గొంతు బాగుందంటన్నారంతేనా?”

“అంతే.”

నవ్వబోయింది, దగ్గు వచ్చింది. ఆగని దగ్గు. నా సీసా ఇచ్చాను. ఒక గుక్క నోట్లో పోసుకుని మింగలేదు. బుగ్గలో ఉంచుకుని మెల్లిగా, దాచుకున్నట్టు మింగింది.

“ఈ గరగర నాను పెట్టింది కాదండి” అంది. “సిన్నప్పుడు నా గొంతుక గంటలాగుండీది. గొట్టం మార్సీసి ఈ నీరు ఇచ్చిన కాడ్నించి ఇలాగైపోయింది. మా పేటలో అందరిదీ ఇదే గొంతుకండి. నాను మైకు ముందు నిలబడ్డాను, అంతే.”

వైద్యుడు చూసి, ఈ నీళ్ళే తాగితే గొంతు పూర్తిగా పోతుందని చెప్పాడట. ముందు పెద్దవాళ్ళవి పోతున్నాయి. పక్కింటి ముసలమ్మ ఇప్పుడు చేతులతోనే మాట్లాడుతుందట.

ఊరంతా కలిసి లొట్టలేస్తున్నది రోగం చూసి! మామిడికాయ మీద ఉప్పూ కారమట!

“ఏటి సేత్తాం తల్లీ” అన్నాడు అసిరయ్య. “పేరైతే వచ్చింది గదా. నిన్న నడిపేటోలు నాకు కుర్చీ యేసి కూకోబెట్టినారు. పోలి మావయ్యంటే నువ్వేనా అన్నారు. నా పుటకలో ఎవులూ కుర్చీ యెయ్యలేదు.”



బహుళ చవితి

భయపడినంతా అయింది. జనం సన్మానం కావాలంటున్నారు.

“పోలికి శాలువా కప్పాలి.” “ఇంతటి కళాకారిణిని గౌరవించుకోకపోతే మెట్టకే సిగ్గుచేటు.” “నిలువెత్తు దండ మా వీధి తరఫున.” పొద్దున్నుంచీ ఇవే. ప్రేమతోనే అంటున్నారు, అదే నా ఖర్మ. ఈ ఊళ్ళో శాలువా కప్పించుకున్నవాళ్ళకి ఊరి మీద ఇంక ఏ కోపమూ లేనట్టు లెక్క. అర్జీ ఆ క్షణమే మూసేస్తారు. ఇది ఇక్కడ పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. తెలిసీ, అడిగినది ఇవ్వడం కంటే శాలువా కప్పడం హాయి కాబట్టి, ఆ హాయినే ప్రేమ అనుకుంటారు. రోడ్డు అడిగినవాడికి కప్పాం, బడి అడిగినామెకి కప్పాం. రోడ్డూ లేదు, బడీ లేదు, వాళ్ళ ఇళ్ళలో శాలువాలకి చెదలు పట్టాయి.

భానోజీ గారికి మహా ఉత్సాహంగా ఉంది. ఏకాదశి నాడు పొగగొట్టం కింద సభ అన్నారు.

కొలిమిపేటకి వెళ్ళాను. కచేరీ మనిషి అర్జీదారు గుమ్మం తొక్కకూడదు. తొక్కాను. తీరా చూస్తే అక్కడ పండగలా ఉంది. పేట ఆడవాళ్ళందరూ కూర్చుని శాలువాకి జరీ అంచు కుడుతున్నారు. పైపేట నుంచి వచ్చే శాలువా పోలికి సరిపడేంత గొప్పగా ఉండదని తామే తయారు చేస్తున్నారట. అందరివీ ఆ బొంగురు గొంతులే. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి.

“అసిరయ్యా, ఇది కప్పించుకుంటే నీళ్ళ మాట అక్కడితో సరి. తెలుసా?”

“తెల్సు తల్లీ. అయితే ఏటి? నీరు ఎలాగా ఇవ్వరు. శాలువా అయితే ఇత్తారు. ఇచ్చీది పుచ్చుకోవాల గదా” అన్నాడు.

పోలి గుమ్మంలో కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది. ఆమెని అడిగాను, నువ్వేం చేస్తావని.

“మావయ్య మాటిచ్చీసినాడండి” అంది.

బహుళ ఏకాదశి

సన్మాన సభ జరిగింది. ఇప్పుడే వచ్చాను.

మొదట పెద్దల ఉపన్యాసాలు. ఒక్కొక్కరూ పోలి గురించి రెండు ముక్కలూ, తమ గురించి ఇరవై ముక్కలూ చెప్పారు. తీపి యంత్రం పెద్ద ఇంజనీరు, “ఈమె ఆవేదనకి నేనే ప్రేరణ అని గర్వంగా చెబుతున్నాను” అన్నాడు. జనం ఈలలు వేశారు. ఎవరికీ ఆ మాట నోట్లో వెంట్రుకలా తగల్లేదు. ప్రశంసాపత్రం చదివారు. పళ్ళబుట్ట ఇచ్చారు. తర్వాత భానోజీ గారు శాలువా విప్పి రెండు చేతులా పట్టుకుని, ఫోటో కోసం అలాగే నిలబడ్డారు.

పోలి ఆ శాలువా అందుకుంది. అసిరయ్య ముందు వరసలో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆమె అంచు ఒకసారి తడిమింది, వాళ్ళ పేట ఆడవాళ్ళ కుట్టు. తర్వాత భానోజీ గారి భుజాల మీద కప్పేసింది. చక్కగా, మడత సర్ది మరీ కప్పింది.

“నెల్లాళ్ళు ఇన్నారు గదండి, సెవులు నొప్పెట్టుంటాయి” అంది మైకులో. “సన్మానం మీకేనండి. మాకు నీరు కావాల.”

దిగి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత లేచింది గోల. భానోజీ గారు శాలువా తియ్యాలో ఉంచుకోవాలో తెలియక దానితోనే మెట్లు దిగారు. నాకు నవ్వు ఆగలేదు. ఈ నెలలో నవ్వింది ఆ ఒక్కసారే.

అమావాస్య

నాలుగు రోజులుగా తిట్లు. ఇన్ని తిట్లు ఈ మెట్ట మీద ఉన్నాయని నాకే తెలియదు.

“శాలువా వద్దన్నదా? మురికినీళ్ళు తాగేదానికి ఇంత పొగరా?”

“వీళ్ళకి మొదటి నీరు ఇస్తే నెత్తికెక్కుతారు. ఇప్పుడే ఇలా ఉంది.”

“రెండో నీరు కూడా ఆపెయ్యండి, తిక్క కుదురుతుంది.”

“పాట నచ్చిందని మెచ్చుకుంటే నీళ్ళు నీళ్ళు అంటుందేంటి? అసలు నీళ్ళ గొడవ పాటలో ఎక్కడుంది?”

నిన్నటిదాకా దండ వేస్తామన్న నోళ్ళే. గొంతులు గుర్తుపట్టగలను. మామిడికాయ మనిషి అందరికంటే ఎక్కువ తిట్టాడు. కానీ ఏరుతూ ఏరుతూ మధ్యాహ్నానికి ఆగిపోయాను. ప్రతి తిట్టులోనూ నీళ్ళున్నాయి! మొదటి నీరు, రెండో నీరు, మురికినీరు. అవునన్నారా కాదన్నారా అన్నది నాకు అనవసరం. మెచ్చుకున్నన్నాళ్ళూ ఒక్కడూ ఎత్తని మాట తిట్టడానికి ఊరంతా ఎత్తింది.

ఒక్కొక్క తిట్టునీ భద్రంగా తీసి సంగతి బుట్టలో వేశాను. సాయంత్రం తూచారు. సంగతి బుట్ట నేలకంటింది.

భానోజీ గారు కాటా మీద వేలితో కొట్టి చూశారు. మళ్ళీ తూయించారు. కాటా మారలేదు. “రూలు రూలే కదండీ” అన్నాను. ఇంతటి అసహ్యంలోంచి ఒక మంచి పని పుట్టినందుకు సంతోషించాలో, అసహ్యించుకోవాలో తెలియలేదు. ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

జ్యేష్ఠ శుద్ధ సప్తమి

సభ అర్జీ వింది. బుట్ట బరువు కళ్ళ ముందు ఉంది కాబట్టి కాదనలేకపోయింది. కొలిమిపేటకి మొదటి నీరు ఇమ్మంది. ఈ రోజు గొట్టం మార్చారు.

చూడటానికి వెళ్ళాను. మొదట వచ్చిన నీళ్ళు ఎవరూ తాగలేదు, ఒకరి చేతిలోకి ఒకరు పోసుకుని చూసుకున్నారు. ఆ చేతులతో మాట్లాడే ముసలమ్మ గ్లాసు ఎత్తి గటగటా తాగేసి, ఇంకా కావాలని సైగ చేసింది. అసిరయ్య నన్ను చూసి సిగ్గుపడ్డాడు. “పోలికి తెలివుంది తల్లీ, నాకు నేదు” అన్నాడు.

ఇంక ముట్టిన పాట ఒకటి మిగిలింది. అడిగింది దొరికినవాళ్ళు, మాకు ముట్టిందని మరుసటి నెల ఒక పాట పాడి హారన్‌లో వినిపించాలి. దానికీ జనం మాటలొస్తాయి, వాటినీ ఏరతాం, అప్పుడూ సంగతి బరువెక్కితే సభ ఆ మాట మళ్ళీ వినాలి. ఎప్పుడూ నాలుగైదు కంటే రావు. చేతికి అందినవాడి పాట ఎవడికి కావాలి?

ఆషాఢ శుద్ధ ద్వాదశి

పోలి ముట్టిన పాట హారన్‌లో వచ్చింది. గొంతు తేటపడింది. చిన్నప్పటి గంట అన్నది కదా, అది అబద్ధం కాదు. నా పనిలో పడి ఏడవడం మర్యాద కాదు గానీ ఏడ్చాను. ముసలమ్మకి రెండు మాటలు వచ్చాయనీ, బిడ్డలు నిద్రలో దగ్గడం లేదనీ పాట. మెత్తగా, తీరిగ్గా పాడింది.

మధ్యాహ్నం నుంచి మాటలు మొదలయ్యాయి.

“గొంతు పాడైపోయింది.”

పాడైపోయిందట! చెవి గింజ పాడైందేమో అనుకుని నాది తీసి తుడుచుకున్నాను.

“పాత పోలి ఏదీ? ఆ గరగర ఏదీ? ఇది వినడానికా ఇన్నాళ్ళు ఆగింది?”

“అందరిలాంటి గొంతు అయిపోయింది. పస లేదు, కసి లేదు. కష్టంలో ఉన్నప్పుడే బాగా పాడేది.”

“సుఖం మరిగితే ఇంతే. మళ్ళీ ఆ నీళ్ళే ఇవ్వండి, పాత పోలి కావాలి.”

ఆ తర్వాత ఇదే మంత్రం పట్టుకున్నారు. మళ్ళీ ఆ నీళ్ళు ఇవ్వండి. పాత నీళ్ళు ఇవ్వండి. తిట్టినవాళ్ళూ, మెచ్చినవాళ్ళూ అంతా ఒక్కటయ్యారు. పోలి మీద ప్రేమ మళ్ళీ వచ్చేసిందన్నమాట. నా జన్మలో మనుషుల మీద ఇంత ఏవగింపు పుట్టలేదు. కొందరు జాలిగా, బుజ్జగింపుగా కూడా అంటున్నారు. “ఆమె మంచికే చెబుతున్నాం, కళ పోగొట్టుకుంటోంది పాపం.”

నీళ్ళ మాట ఉంది. సంగతి బుట్టలో వెయ్యాలి. వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

అన్నీ సొగసులో వేశాను. నీళ్ళు అన్న ప్రతి మాటా. వీళ్ళు నీళ్ళ గురించి మాట్లాడటం లేదు, తమ చెవుల సరదా గురించి మాట్లాడుతున్నారు. ఇది రూలు కాదు, నా మాట. రాసి సంతకం పెడుతున్నాను, రాజరత్నం.

ఆషాఢ బహుళ విదియ

భానోజీ గారు బుట్ట తిరగేసి చూశారు. కేకలు వెయ్యలేదు. పోలి కప్పిన ఆ శాలువా ఇప్పుడు ఆయన కుర్చీ మీద పరిచి ఉంటుంది, దాని మీద కూర్చుని మెల్లిగానే అన్నారు.

“నీళ్ళు అని ఉందా లేదా అమ్మా?”

“ఉంది.”

“మరి?”

“మీకు తెలియదా సార్? ఒక మనిషి గొంతు పాడైతే బాగుంటుందని అడుగుతున్నారు.”

“ఏం అడుగుతున్నారన్నది మనకి అనవసరం కదా. నువ్వే చెప్పావు ఆ రోజు. రూలు రూలే.”

మూలనున్న యంత్రాన్ని దులిపి బల్ల మీద పెట్టించారు. దానికి వెటకారం తెలియదు గానీ నీళ్ళు అన్న మాట తెలుసు. గంటలో ఏరేసింది. నన్ను ఇంటికి పొమ్మన్నారు. ఈ పుస్తకం మాత్రం సంచిలో పెట్టుకుని తెచ్చేశాను. ఎవరూ అడగలేదు.

శ్రావణ శుద్ధ నవమి

సభ తీర్పు చెప్పింది. చాలా దయగా చెప్పింది. కొలిమిపేటకి మొదటి నీరు అలాగే ఉంటుంది. పోలి ఇంటికి మాత్రం రెండో నీరు. నెలకొక పాట హారన్‌లో పాడాలి. పాటలో పాత గొంతు వినపడినన్నాళ్ళూ పేటకి నీళ్ళకి లోటు ఉండదు. వినపడకపోతే జనాభిప్రాయాన్ని మన్నించి పేట మొత్తానికీ పాత గొట్టమే తిప్పుతారు.

పోలి ఇంటి కుళాయి మార్చడానికి మనుషులు వెళితే, అసిరయ్యే ముందుగా గొట్టం విప్పి సిద్ధంగా ఉంచాడట. ఈ కబురు తెచ్చింది మా పక్కింటి వసుంధర. ఆ పిల్ల కచేరీ వీధిలో కాఫీ అమ్ముతుంది.

భాద్రపద శుద్ధ తదియ

పొద్దున్న వసుంధర గోడ మీంచి పిలిచింది. “పిన్నిగారూ, విన్నారా? పోలి మళ్ళీ ఫామ్‌లోకి వచ్చేసింది! అబ్బ, ఏం గరగరండీ!”

వసుంధర మంచి పిల్ల. నాకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చుని తడిగుడ్డ వేసింది. అదే నాకు ఎక్కువ రోతగా ఉంది, చెడ్డవాళ్ళయినా బాగుండును. తలుపు వేసేశాను. తర్వాత నా వాటా మొదటి నీరు కడవకి పట్టుకుని కొలిమిపేట వెళ్ళాను.

పేటలో దారి పొడుగునా జనం, నీళ్ళు ఇప్పించినదాన్నని, నాకు దణ్ణం పెట్టారు, అసిరయ్య కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. “ఒక్క గొంతుకే గదా తల్లీ” అన్నాడు నేల చూస్తూ. “ఇంతమంది గొంతుకల కోసం ఒక్క గొంతుక. పోలి కూడా ఊఁ అంది.” ఆయన గొంతు ఇప్పుడు శుభ్రంగా ఉంది.

పోలి ఇంట్లో నేల మీద కూర్చుని ఉంది. కడవ ఆమె ముందు పెట్టాను.

“తాగమ్మా. రోజూ తెస్తాను. ఎవరికీ తెలియదు.”

చెయ్యి చాచి కడవ చుట్టూ చెమర్చిన తడి తుడిచి కళ్ళకి అద్దుకుంది. అంతే, తాగలేదు. లేచి వెళ్ళి పక్కింటి ముసలమ్మ గుమ్మంలో పెట్టి వచ్చింది.

“వద్దండి. నా గొంతుక బాగైపోతే పేటంతటికీ ఆపీత్తారు” అంది. మాట సగం గాలిగా వస్తోంది. దగ్గర కూర్చుంటే గానీ వినపడటం లేదు. దగ్గి, చీర కొంగుకి ఏదో తుడుచుకుని నాకు కనపడకుండా మడత పెట్టింది.

“మీరు మాటలేరినోలు గదా, ఒక మాట అడగనా?” అంది.

“అడుగు.”

“నిన్నటి పాట ఇన్నారు గదండి. గరగర సరిపోయిందా? ఇంకొంచెం కావాలంటారా?”

ఊరందరి మాటా ఏరాను గానీ, నా మాట ఎవరూ అడిగింది లేదు. అడిగిన ఈ ఒక్క మనిషికి నిజం చెప్పడానికి నోరు తెరిచాను. గుమ్మం బయట పిల్లలు ఆ కడవలోంచి ముంచుకుని తాగుతున్నారు. ముసలమ్మ వాళ్ళని మాటలతో కేకలేస్తోంది.

“సరిపోయిందమ్మా” అన్నాను. “చాలా బాగుంది.”